కౌజు గుడ్లకు సాంబ్రాణి

ఇంట్లో ఈరోజు ఎవరెవరు ఉన్నారంటే, నానమ్మ, అమ్మ, పిఠాపురం నుంచి వచ్చిన లోవలక్ష్మి అత్త, నేను, నాన్న మేత కొనడానికి పొద్దున్నే రావులపాలెం వెళ్ళారు కాబట్టి ఆయన్ని మధ్యాహ్నం నుంచి కలపాలి, ఇంకా నేను చదువుకునే గదిలో గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో నూట ఇరవై కౌజు గుడ్లు, లోపల నుంచి కిచకిచలు వినిపిస్తున్నాయి కాబట్టి వాటినీ కలుపుతున్నాను, రెండు వారాలు పూటపూటా తిప్పింది నేనే, వేళ్ళకి ఆ వాసన, అన్నం కలుపుకుంటే అన్నానికీ అదే వాసన, ఇక పిల్లలు బయటికొచ్చేదాకా మూత తీయకూడదు పావనీ, తీస్తే తేమ పోయి లోపలి పొర ఎండిపోతుంది, పిల్లకి అతుక్కుపోతుంది, ఎవర్నీ తీయనివ్వకు, అని నాన్న నాకే చెప్పి వెళ్ళారు, నాకే.

నానమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసుకుని వచ్చింది, పుట్టిన పిల్లలకి పొగ వేయకపోతే ఎలాగే, మీ నాన్నకీ వేశాను, మీ అత్తకీ వేశాను, చూడు దాని జుట్టు ఎంత ఒత్తుగా ఉందో, అంటూ మూత ఎత్తేసింది, తీయకు నానమ్మా అన్న మాట పళ్ళ దాకా వచ్చింది, కానీ అత్త అక్కడే ఉంది, నేను నోరు తెరిస్తే చాలు అబ్బో దీనికి మాటలొచ్చే అని నవ్వుతుంది, మింగేశాను, మింగగానే గొంతు తేలికైంది, అత్త ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తోంది, రెండో చేత్తో ఉడికించిన కౌజు గుడ్లని మిరియాల పొడిలో అద్దుకుని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది, నవ్వితే పళ్ళ మధ్య పచ్చసొన, ఎదురుగా పెంకు పగిలి తడి ముక్కు ఒకటి బయటికొస్తోంది, వదినా, వీటికి ఇంకాస్త ఉప్పు పడాల్సింది అంటోంది, తడి ఈకల కంపు, పొగ, మిరియాలు, రోతతో ముక్కు మూసుకున్నాను, అమ్మ కూడా వంగి ఎంత బుల్లిగా ఉన్నాయో అని మురిసిపోయింది, అరగంట, మూత నేల మీదే ఉంది, నేను దాని పక్కనే ఉన్నాను.

మధ్యాహ్నానికి కిచకిచలు తగ్గాయి, ముప్ఫై ఒకటి బయటపడ్డాయి, మిగతావి పెంకుకి చిల్లి పెట్టి అక్కడే ఆగిపోయాయి, పొర ఎండిన జిగురులా వాటి ముఖాలకి అంటుకుపోయింది, ఎవరు తీశారు అన్నారు నాన్న వస్తూనే, పొగ వేస్తే చస్తాయట్రా జీవా, మంచికే కదా వేశాను అంది నానమ్మ, అయినా పిల్లని కాపలా పెట్టావు కదన్నయ్యా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడిందేం అంది అత్త, ఆ నోట్లోంచి నిజం రావడం ఇంకా అసహ్యంగా ఉంది, నాన్న నన్ను తిట్టలేదు, ఇవి ఇక రావు, ముంచేయాలి, బకెట్‌లో నీళ్ళు పట్టు అన్నారు అమ్మతో.

నాన్న ఆ మిగిలిన గుడ్లన్నీ ఏరి పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళారు, అందులో ఒకటి ఇంకా అరుస్తోంది, నేను విన్నాను, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో ఆ పొర తడిపితే వస్తుందేమో, గుడ్డ తడిపి పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తాను, నాన్నా అనాలి, ఒక్క మాట, అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది, నువ్వు చూడకు తల్లీ, లోపలికెళ్ళు, అని మెల్లగా నా ముఖం మీదే తలుపు వేసేసింది, గడియ పెట్టలేదు, తోస్తే వచ్చే తలుపు, నేను తోయలేదు, ఇక మాట్లాడక్కర్లేదు అని ఒళ్ళంతా హాయిగా అయిపోయింది, పొద్దున మాట మింగినప్పుడూ ఇదే హాయి, రోతంతా అత్త నోటిదీ గుడ్లదీ అనుకున్నాను, కాదు, ఈ హాయిదే.