చార్జింగు పీటకి గలీబు

ఆ సాయంత్రం ఆరింటికి మా అమ్మాయి మొట్టమొదటిసారి రేడియోలో వార్తలు చదవబోతోంది. పొద్దున్నుంచీ నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కాజాలు కుట్టాల్సిన చోట గుండీలు కుట్టేశాను. కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ వార్తల సంగతి చెప్పాను. ఒకావిడకి రెండుసార్లు చెప్పానట, పాపం నవ్వుతూనే విన్నది.

నా సంతోషం సరే, అసలు వినాల్సింది మా ఆయన. ఆయనకేమో పెళ్ళైన కొత్తల్లోనే చెవుడు మొదలైంది. శబ్దం తెలుస్తుంది, మాట విడిపోదు. రేడియో ఎంత పెంచినా గోల పెరుగుతుందంతే. అందుకే ఎవరు నోరు తెరిచినా ఆయన చూపు పెదాల మీదే. మా పిల్ల ఊహ తెలిసినప్పటినుంచీ నాన్న ఎదురుగా నిలబడి, ముఖం పైకెత్తి, ఒక్కో మాటా విడదీసి మాట్లాడేది. ఆ స్పష్టత చూసే రేడియోవాళ్ళు ఉద్యోగమిచ్చారు. తీరా చూస్తే రేడియోకి పెదాలేవీ?

ఆ దిగులు తీరడానికే ఈమధ్య చెవి మిషన్లు కొన్నాం. వాటిని చిన్న డబ్బీలో పెట్టి, ఆ డబ్బీని ఓ నల్లటి గుండ్రటి పీట మీద పెడితే చాలు, పచ్చలైటు వెలిగి చార్జింగు ఎక్కుతుంది. పీట వైరు గోడ ప్లగ్గులో ఉంటుంది గానీ డబ్బీకి వైరూ లేదు, వైరు పెట్టే కన్నమూ లేదు. మొదటిసారి చూసి ముక్కున వేలేసుకున్నాను. అంత గొప్ప వస్తువు బోసిగా పడి ఉంటే నా చెయ్యి ఊరుకుంటుందా? ముందురోజు సాయంత్రమే పీటకి పువ్వుల గుడ్డతో మెత్తటి గలీబు కుట్టి తొడిగి, రాత్రి డబ్బీని దాని మీదే పెట్టాను.

కుట్టు మిషన్ల మోతలో అవి పెట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. అందుకని ఆయన పగలంతా ఉత్త చెవులతోనే పనిచేశారు. అయిదున్నరకి కొట్టు కట్టేసి, ముఖం కడుక్కుని, పెళ్ళిచూపులకి పోతున్నట్టు తల దువ్వుకుని మిషన్లు చెవుల్లో పెట్టుకున్నారు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. రెండూ చచ్చి ఉన్నాయి. గలీబు ఎత్తి చూస్తే పీట అంచున ఎర్రలైటు కొట్టుకుంటోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పీటని, దాన్ని చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి వరసపెట్టి కడిగేశాను. ఆయన నా పెదాలకేసి చూసి నింపాదిగా అన్నారు.

"తిడుతున్నావని అర్థమైంది. ఎవర్నో చెప్పు."

మోటార్లకి రాగి తీగ చుట్టే పని మా తమ్ముడిది. వాడికి ఫోన్ చేశాను. వాడు నా కేకలన్నీ విని, అక్కా, అందులో మాయేం లేదు, పీటలో ఓ తీగచుట్ట, డబ్బీ అడుగున ఇంకో తీగచుట్ట, నీ బాబిన్లకి దారం చుట్టినట్టే అన్నాడు. పీటలోని చుట్టలో కరెంటు అటూ ఇటూ ఊగుతుంటే దాని చుట్టూ అయస్కాంతం బలం లేస్తూ పడుతూ ఉంటుందట. ఆ ఊపు పై చుట్టని తాకి అక్కడ కరెంటు పుట్టిస్తుందట. తగలకుండానే ఎలారా అంటే, పక్కింట్లో మిరపకాయలు వేయిస్తే మనకి తుమ్ములు రావూ అన్నాడు. మరీ దూరమైతే అందదట, రెండు చుట్టలూ నడిమికి నడిమి కుదరాలట.

"గుడ్డ అడ్డమైతే ఫరవాలేదక్కా. మధ్యలో ఇనుము ఉంటే ఆ బలం అది తినేసి వేడెక్కుతుంది. అది పసిగట్టి పీట పని మానేస్తుంది. ఇనుప ముక్కేదైనా ఉందా?"

నేనే కుట్టిన గుడ్డలో ఇనుమెక్కడిదిరా అని గయ్యిమన్నాను. అంటూనే గలీబు మీద చెయ్యి వేసి నొక్కాను. చురుక్కుమని వేలికి గుచ్చుకుంది. కుట్టేముందు గుడ్డ జారకుండా గుచ్చిన గుండుసూది! దాన్ని తియ్యకుండానే లోపలి అస్తరు గుడ్డ వేసి కుట్టేశాను. నా చేతిపనే నా కొంప ముంచింది. అయినా ఏం సంతోషమేసిందో చెప్పలేను, దొంగ దొరికాడు కదా! కత్తెరతో గలీబుని పరపరా చీల్చి అవతల పారేసి, మిషన్లని డబ్బీలో పెట్టి, డబ్బీని పీట నడిమికి జరిపాను.

పచ్చలైటు వెలిగింది.

కాస్త ఎక్కినా వార్తలకి సరిపోతుందన్నాడు తమ్ముడు. మేమిద్దరం ఆ పీట ముందు కూర్చున్నాం. రేడియోలో గంట మోగబోతుండగా మిషన్లు తీసి ఆయన చెవుల్లో పెట్టాను.

"నమస్కారం. వార్తలు చదువుతున్నాను."

నా పిల్ల గొంతు! ఆయన అలవాటుకొద్దీ రేడియోకేసి ముందుకి వంగి, దాని జాలీలో పెదాల కోసం వెతికారు. కాసేపటికి వెతకడం మానేశారు. మెల్లగా వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూడలేదు.

నాకు భయమేసింది. మళ్ళీ ఆగిపోయాయేమోనని ఆయన వెనక నిలబడి, వినబడుతోందా అని గొణిగాను.

ఆయన కళ్ళు తెరవలేదు.

"నువ్వు ఊరుకోవే. అమ్మాయి చదువుతోంది."