ఇరవై నాలుగో మెట్టు

గుంతకల్లు స్టేషన్లో రైలు దిగేటప్పటికి జయచంద్ర దగ్గర ఇరవై ఆరువేల నాలుగు వందల రూపాయలున్నాయి. కర్ర చెక్కే పాత లేతు మిషనుకు పందొమ్మిది వేలు, రేకుల షెడ్డు అడ్వాన్సుకు ఐదు వేలు పోను రెండువేల నాలుగు వందలు మిగిలాయి. ఈ లెక్క వేసుకోవడానికి అతనికి కాగితం అక్కర్లేదు. అంకెలతో అంత చనువు. మనుషులతో అంత లేదు. కొత్తచెరువు పక్క పల్లె నుంచి వచ్చి ఎనిమిది నెలలైనా, రోజూ అతనితో మాట్లాడేది ఇద్దరే. టీ కొట్టాయన, సామిల్లు ఈశ్వరప్ప. ఆదివారం సామిల్లు ఉండదు కాబట్టి ఆ రోజు ఒక్కరే.

పొద్దున్నే చాప చుట్టి, లేతు కింద పొట్టు ఊడ్చి, మిషను ఆన్ చేస్తే చీకటి పడేదాకా దాని రొదే తోడు. మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, ఉయ్యాల బల్లల గుబ్బలు. అట్లాంటి రోజుల్లో వచ్చింది మెట్ల రెయిలింగు పని.

పని ఇచ్చింది ఎలిజబెత్. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతా స్టీలు పైపులు వేయించుకుంటుంటే ఆమెకు చెక్క కడ్డీలే కావాలి. జయచంద్ర ఆరు రకాల నమూనాలు పట్టుకుపోయాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకోలేదు. ఒక్కో కడ్డీ చుట్టూ వేళ్ళు వేసి, నాడి చూసినట్టు కాసేపు పట్టుకుని పక్కన పెట్టింది.

"ఇది ఏం మానప్పా?"

"వేప, సిస్టరమ్మా. వానల్లేని నేలలో పెరిగింది. పదేండ్లలో లావెక్కాల్సింది ముప్పై ఏండ్లకు ఎక్కుతాది. అందుకే గట్టి."

"నాలాగనే," అని నవ్విందామె. "పొట్ట లావుండేది వద్దు. నడుము సన్నంగా చెయ్యి. మోకాలు ఆపరేషనైనాక పైకి పోనేలేదు. ఏదీ పట్టుకోకుండా ఎక్కలేను. వచ్చే గురువారానికి మా చెల్లెలు సువార్త పోయి మూడేండ్లు. పైగది ఆమె కోసం కట్టించినా. ఆ పొద్దు ఆడ కూర్చుని ఒక పాట పాడుకోవల్ల."

"గురువారానికి అయిపోతాది."

మెట్ల పక్క గోడకు ఒక మేకు, దానికొక తాళంచెవి ఉన్నాయి. జయచంద్ర అదే మేకుకు టేపు తగిలించి, కింది మెట్టు ఒక్కటే కొలిచాడు. పది అంగుళాలు. మిగతావి కిందనుంచే కళ్ళతో లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. మెట్టుకు రెండు కడ్డీలు, వెరసి నలభై రెండు. కడ్డీల పై పట్టె ఎందుకైనా మంచిదని మూడడుగులు ఎక్కువ పొడవు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది.

"కాఫీ తాగి పో."

"ఇంకోసారి, సిస్టరమ్మా. మిషను కాలీగా ఉండాది."

మంగళవారం నలభై రెండు కడ్డీలతో వచ్చి, రాతి మెట్లకు బెజ్జాలు వేసి, అడుగున ఇనుప చువ్వ దిగేసి, సాయంత్రానికి పదకొండు మెట్లు పూర్తిచేశాడు. బుధవారం మిగతా పది. తీరా తల ఎత్తి చూస్తే పైన రెండు మెట్లు బోడిగా ఉన్నాయి.

కిందికి దిగి మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై మూడు. పుట్టి బుద్ధెరిగినాక అతని లెక్క తప్పడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు నాదే సిస్టరమ్మా. రేపు ఇంకో నాలుగు తెస్తా."

"నీ లెక్క తప్పలేదులే," అంది ఆమె, వంటింట్లో కప్పులు సర్దుతూ. "కాఫీ?"

అతను అప్పటికే గేటు దాటాడు.

సామిల్లులో ఈశ్వరప్ప దుంగ మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. "నాలుగు కడ్డీలకు వేప ముక్కలు కావల్లన్నా," అన్నాడు జయచంద్ర.

"ఆ నర్సమ్మ ఇంటికేనా? మెట్లు ఎన్ని అయినాయప్పా ఇప్పటికి?"

"ఇరవై మూడు."

"నువ్వు బయటికొచ్చేసినావు గదా. అయితే ఇరవై నాలుగు." ఈశ్వరప్ప పక్కకు ఉమ్మి, నెల తేదీ చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఇంట్లోకొచ్చినోడు ఆ పైగదిలో కాలు పెట్టకుండా పోతే పైన ఒక మెట్టు పెరుగుతాది. కట్టించినప్పుడు పదిహేడు. పాస్టరు వచ్చి కిందనే ప్రార్థన చేసి పోయినాడు, ఒకటి. పెండ్లి పత్రిక ఇచ్చేదానికి వచ్చిన చుట్టం ఒకటి. ఆసుపత్రిలో కలిసి చేసిన సునంద ఒకటి. కిటికీ చెక్కలు దించేదానికి పోయి నేనొకటి."

"నువ్వు గూడానా!"

"లారీ నిలబడి ఉండెనప్పా. ఏం చేసేది? గది బాడుగకన్నా ఇయ్యమ్మా అంటే వినదు. పైకెక్కి వచ్చి అడిగినోడికే ఇస్తాదంట. ఎవడూ ఎక్కడు, ఆమె ఇయ్యదు."

ఇరవై ఒకటిలో పదిహేడు తీసేస్తే నాలుగు. మూడేళ్ళలో నలుగురు. ఆ తర్వాత పెరిగిన మూడూ తనవే. ఎనిమిది నెలల్లో తన షెడ్డుకు పనిలేకుండా ఎంతమంది వచ్చారని జయచంద్ర లెక్కేశాడు. సున్న వచ్చింది. షెడ్డుకు మెట్లు లేవు కాబట్టి సరిపోయింది.

"నాలుగు కాదన్నా, ఎనిమిదికి ఇయ్యి," అన్నాడు. ఆరు మూడు మెట్లకు. మిగతా రెండు, ఎందుకైనా మంచిదని.

గురువారం మధ్యాహ్నానికి ఆరో కడ్డీ కూడా బిగించాడు. పట్టె చివర సరిగ్గా ఇరవై నాలుగో మెట్టు దగ్గర ఆగింది. ఎదురుగా గది తలుపు, దానికి తాళం. కిందికి దిగి చేతులు కడుక్కున్నాడు.

"ముందే చెప్పొచ్చు గదా సిస్టరమ్మా?"

"ఏమని చెప్పల్ల? పైకి పోయిరాప్పా అని బతిమాలల్లా? పిల్లోన్ని బడికి తరిమినట్టు ఉంటాది." ఆమె తెల్లచీర కట్టుకుంది. మేకుకున్న తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. "వెనకాల రావద్దు. పడితే అప్పుడు చూద్దువు."

"నేను బిగించినవి పట్టుకుంటే పడరు."

మొదటి కడ్డీ సన్నని నడుము ఆమె పిడికిట్లో ఇమిడింది. తర్వాత రెండోది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, పై కడ్డీ అందుకుంది. కింద నిలబడి తను లెక్కపెడుతున్నానని జయచంద్రకే తెలియదు. ఇరవై నాలుగు. తాళం తీసిన చప్పుడు. కిటికీ రెక్కలు మొరాయించి తెరుచుకున్నాయి. యార్డులో గూడ్సు బండి కూతతో పాటు సన్నగా ఒక పాట కిందికి దిగింది. అది ఒక్క గొంతు పాడే పాట కాదు. రెండో గొంతు అందుకోవాల్సిన చోటల్లా ఆమె ఆగి, అంతసేపూ మౌనంగా ఉండి, మళ్ళీ ఎత్తుకుంటోంది.

పాట అయిపోయింది. పైనుంచి మాట వినిపించింది.

"ఈడ గాలి బాగుండాది. మంచానికి ప్లాస్టిక్ కవరు గూడా తీయలేదప్పా. అట్లే ఉండాది."

అంతే. రమ్మనలేదు.

జయచంద్ర సంచీ భుజాన వేసుకుని ఉన్నాడు. వీధి తలుపు తెరిచే ఉంది. సంచీలో రెండు కడ్డీలు మిగిలాయి. సరిగ్గా ఒక్క మెట్టుకు సరిపోతాయి. లెక్క ప్రకారం అతను పోవచ్చు. ఇరవై ఐదోది పెరిగినా, రేపొచ్చి బిగించి పోవచ్చు.

సంచీ దించి గోడకు ఆనించాడు. చెప్పులు విడిచి గడప పక్కన పెట్టాడు. పైకి పోయి అడగాల్సిన మాట ఒకసారి లోపల చెప్పుకుని చూసుకున్నాడు. బాడుగ ఎంత అని కాదు, గది ఇస్తారా అని. తర్వాత మొదటి కడ్డీ నడుము చుట్టూ వేళ్ళు వేసి, కాలు ఎత్తాడు.