బ్రేకు కాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆస్పత్రి నడక గదికి వచ్చే రోగులందరికీ ఆ సంగతి తెలుసు. నొప్పి పెట్టుకుని లేదని బొంకేవాళ్ళంటే మరీ ఒళ్ళు మంట. అలాంటి నన్ను ఒక బస్సు డ్రైవరు నెలల తరబడి నిక్షేపంగా బోల్తా కొట్టించాడు.

ఆయన కుడి మోకాలి కింద ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది. ఇక కాలికి బలం తెప్పించి తిన్నగా నడిపించడం ఫిజియోథెరపిస్టుగా నా పని. నడక ఎలా ఉన్నా ఫరవాలేదు, బ్రేకు తొక్కే కాలు మాత్రం కావాలన్నాడు మొదటి రోజే. కాలు బాగుందని నేను రాసిస్తేనే డిపోలో మళ్ళీ బస్సు ఇస్తారు. లేకపోతే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆయన్ను బాబాయ్ అనేదాన్ని. నొప్పి ఎంత ఉందని ఎప్పుడడిగినా, అబ్బే, చీమ కుట్టినంత అనేవాడు. మోకాలు నొక్కి చూస్తుంటే కిటికీలోంచి చూస్తూ బస్సు కబుర్లు చెప్పేవాడు. కాస్త కుంటు కనిపిస్తే పాత చెప్పుల మీదికి నెట్టేసేవాడు. ఇంట్లో రెండు పూటలా కాలికి ఇసుక మూట కట్టుకుని ఎత్తుతున్నాడని వెంట వచ్చే పిన్ని సాక్ష్యం. ఇంకేం కావాలి నాకు? మూలుగుతూ వచ్చే మిగతావాళ్ళకు ఆయన్నే చూపించి, చూసి నేర్చుకోండని దెప్పేదాన్ని.

కాగితం రాసే ముందు రెండు తొడలూ టేపుతో కొలవడం నా అలవాటు. మంచాన పడ్డ రోజుల్లో కుడి తొడ చిక్కిపోయింది. వ్యాయామం చేస్తే అది మళ్ళీ కండ పట్టాలి. టేపు చుట్టి చూస్తే అది ఎక్కడిదక్కడే ఉంది. కండ పట్టింది ఎడమ తొడ. పొరబడ్డానేమోనని మళ్ళీ కొలిచాను. అదే కొలత.

"బాబాయ్, ఇసుక మూట ఏ కాలికి కడుతున్నారు?"

ఆయన పైకప్పు చూశాడు. పిన్ని నేల చూసింది.

నోటికొచ్చినట్టు తిట్టాను. కుడి కాలు ఎత్తితే ప్రాణం పోతోందనీ, ఆ మాట చెబితే నేను కాగితం రాయననీ భయపడి మంచి కాలితోనే కానిచ్చేస్తున్నాడని పిన్ని నీళ్ళు నములుతూ చెప్పింది. బస్సు మీద ఆశతో మనిషి రెండు ముద్దలు తింటున్నాడు కదా అని తనూ నోరు మూసుకుందట.

బ్రేకు సంగతేమిటని నిలదీశాను. ఎడమ కాలితో తొక్కడం అలవాటు చేసుకుంటానన్నాడు.

"మరి క్లచ్ పిన్ని తొక్కుతుందా?"

ఆయన నవ్వలేదు. "ఇన్నాళ్ళూ నేను తోలిన బస్సును ఇంకెవడో తోలుకుపోతుంటే నేను గేటు తీసి నిలబడాలి. అది నావల్ల కాదమ్మా."

నా కోపం ఎటు పోయిందో పోయింది. విసుగో, జాలో నాకే తెలియదు, కాగితమూ పెన్నూ ఆయన ముందుకు తోశాను. కాలు బాగుందని ఆయన్నే రాసుకోమన్నాను. కింద సంతకం నేను పెడతానన్నాను. అనకూడని మాటే, అనేశాను.

ఆయన పెన్ను తీసుకున్నాడు. రాయబోయి ఆగి, రోజూ పనికి ఎలా వస్తున్నావని అడిగాడు. మీ రూటు బస్సులోనే, పాపను బడి దగ్గర దింపి వస్తానన్నాను. ఆయన్ను దెబ్బ కొట్టాలని అన్నది కాదు. ఉన్నదే చెప్పాను.

ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ నా ముందుకే తోశాడు. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టేసి, కుడి కాలి ప్యాంటు మోకాలి పైకి లాక్కున్నాడు.

"ఇక్కడమ్మా. ఇక్కడ మొదలై పాదం దాకా లాగుతుంది. బ్రేకు మీద పెడితే నిలపలేను."

పిన్ని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, ఆయన చూపించిన చోట మెల్లగా నొక్కాను. బాబాయ్ గది దద్దరిల్లేలా అరిచాడు.