వంటగది మూతలు

గరిటె కడిగి మేకుకు తగిలించబోయి వంటావిడ ఆగిపోయింది. పక్క మేకు ఖాళీ. నిన్న అక్కడ గరాటు ఉంది. మొన్న డబ్బా మూతలు పోయాయి, తర్వాత టీ వడపోత, బట్టల క్లిప్పులు, ఇప్పుడిది. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే ఆ బడిలో దొంగ పడ్డాడు, సందేహం లేదు.

వంటావిడ పొట్టి మనిషి. బొద్దు చేతులు, మణికట్ల మీద నూనె చిట్లిన మచ్చలు, కొంగు ఎప్పుడూ బొడ్లోనే. ఇదివరకు పనిచేసిన ఇంట్లో వెండి చెంచా పోతే ఒక్క మాటైనా అడక్కుండా ఆమెను పంపేశారు. అది సోఫా సందులో దొరికాక మళ్ళీ పిలిచిన పాపాన పోలేదు. అప్పట్నుంచి ఎవరు నవ్వుతూ పలకరించినా ముందు వాళ్ళ సంచీకేసి చూస్తుంది. కూతురు పోయాక మనవరాలు బుల్లికి తనే దిక్కు. ఈ పని ఊడితే ఆ పిల్లకీ ఇక్కడ చోటుండదు.

చిన్న టీచరు ఈమధ్యే చేరింది. పెద్ద సంచీ, మెత్తటి మాటలు. "పిన్నిగారూ, ఖాళీ డబ్బాలుంటే పారేయకండేం" అంటుంది. ఎందుకట? అడిగి తీసుకునేది ఇంత అయితే, కళ్ళుగప్పి పట్టుకుపోయేది ఎంతో! వంటావిడ పాలు పొయ్యి మీద పెట్టి, తిన్నగా వెళ్ళి బడి నడిపే మేడమ్ చెవిన వేసింది. "గరాటు సంచీలో పెట్టుకుంటుంటే నా కళ్ళతో చూశానమ్మా" అని కూడా అనేసింది. చూడలేదు. చూసినంత నమ్మకం మాత్రం ఉంది.

మధ్యాహ్నం పిల్లలు తిని పడుకున్నారు. అంట్లు తోముతుంటే బుల్లి నిద్ర ఎగ్గొట్టి వచ్చి కొంగు లాగింది.

"అమ్మమ్మా, రావే! మా నీళ్ళచక్రం చూద్దువుగాని."

ఆటగది తెర వెనక గోడకి పెద్ద అట్ట. దానికి సగానికి కోసిన సీసాలు క్లిప్పులతో పట్టి ఉన్నాయి. పైన గరాటు, దాని కింద టీ వడపోత, మధ్యలో పుల్లకి గుచ్చిన మూతల చక్రం. వంటావిడ పళ్ళు కొరికింది. ఇక్కడ దాచిందన్నమాట మహాతల్లి!

బుల్లి చెంబుతో నీళ్ళు పోసింది. చక్రం గిర్రున తిరిగింది.

"ముందు తిరగలేదే. టీచరు చెప్పలేదు, నేనే సీసా వంచి చూశా!"

"ఈ మూతలు ఆవిడ తెచ్చిందా?"

"ఇంట్లో వాడనివి తెమ్మంది కదా, అందరూ వాళ్ళిళ్ళనుంచి తెచ్చారు. నేను మనింట్లోంచి తెచ్చా."

"మనింట్లో గరాటెక్కడుందే?"

"వంటగదిలో! నువ్వుండేది అక్కడేగా."

తెల్లారితే ఇక్కడికి, చీకటి పడితే అద్దె ఒంటిగదికి పడుకోడానికి. పిల్లకి ఇల్లంటే ఇదే మరి. సిగ్గుతో చచ్చినంత పనైంది. చెబితే తన పని పోతుంది, చెప్పకపోతే ఆ టీచరు బతుకు పోతుంది. తడి చేతులతోనే మేడమ్ గదికి పరుగెత్తింది.

"అమ్మా, టీచరు కాదు. మా పిల్లే తీసింది. నేను చూశానన్నది అబద్ధం."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడా చెప్పడం? పిల్లలు లేచుంటే ఏడుస్తారని, వాళ్ళు పడుకోగానే ఆ అమ్మాయిని పంపేశాను. పాపం, అడక్కముందే సంచీ బోర్లించింది. అందులో ఏమీ లేదు. అయినా నువ్వు చూశానన్నావు కదా." మళ్ళీ పెన్ను అందుకుని, "నీ సంగతి రేపు చూస్తా" అంది.

వంటావిడ వీధి గుమ్మం దాకా వెళ్ళింది. ఎవరూ కనబడలేదు.

ఆటగదిలో బుల్లి ఇంకా అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోస్తూనే ఉంది. వంటావిడ నేల తుడవడానికి వంగింది. ఒక్క చుక్కా కింద పడలేదు.

"కింద పెట్టడానికి నీ గిన్నె తెస్తానన్నానే. టీచరు వద్దంది. పాపం, అమ్మమ్మకి వంటకి కావాలిగా అంది."

నీళ్ళు పడేచోట చిన్న టీచరు మంచినీళ్ళు తాగే గాజుగ్లాసు, అంచుదాకా నిండి ఉంది.