బాబాయి వేసిన జిప్పు

"చీమా, ఓ చీమా, రెండో చెంచా ఎందుకే నీకు?"

ముందుగదిలోంచి అక్క పిలుస్తోంది. వెనకగదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్న చీమ పలకలేదు. పలికితే మూడో చొక్కా సంగతి కూడా బయటికొస్తుంది. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా ఏదో ఒకటి మోసుకుంటూ తిరిగేదని బాబాయి పెట్టిన పేరది. ఇరవై రెండేళ్లొచ్చినా వదల్లేదు. ఇప్పుడు పది నెలల సామాను వీపున వేసుకుని మూడు దేశాలు నడవబోతుంటే, అంత ముందుచూపుతో పేరు పెట్టినందుకు బాబాయి మీసం మెలేస్తున్నాడు.

ముందుగది నేలంతా సామాను పరిచి ఉంది. అక్క పళ్ల డాక్టరు దగ్గర పనిముట్లు కడిగి, పళ్లెంలో వరసగా సర్దే ఉద్యోగం చేస్తుంది. ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకోదు. ఉన్ని మేజోళ్లు మూడు జతలు: కాలికొకటి, ఆరేదొకటి, తడిసిన రోజుకొకటి. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేసింది. తువ్వాలు చేతిరుమాలంత అయింది. వానకోటు, తలకి కట్టుకునే టార్చి, నీళ్లు వడకట్టే గొట్టం, మడిస్తే సొరకాయంత అయ్యే స్లీపింగ్ బ్యాగ్, ప్రతిదాన్నీ కొక్కెం తక్కెడకి వేలాడదీసి, కళ్లు చిట్లించి చూసి, వద్దనుకున్నదాన్ని గోడవైపు విసిరేస్తోంది. ఎనిమిది కిలోలు దాటితే నీ మోకాళ్లు నన్ను తిట్టుకుంటాయి అంటోంది.

ఇదంతా అక్క ఎప్పుడు నేర్చుకుందంటే, ఎనిమిదేళ్ల కిందట తనకోసం నేర్చుకుంది. ఆ దారి ఆమెదే, ఆ జాబితా ఆమెదే, చిలకపచ్చ రంగు వెలిసిపోయిన ఆ సంచీ ఆమెదే. చీమ ఇప్పుడు వెళ్తున్నది అక్క కలగన్న దారిలోనే.

ఇంటికింద బాబాయి దుకాణం. సంచులకీ గుడారాలకీ జిప్పులు వేస్తాడు. అన్నావదినలు పోయాక ఈ ఆడపిల్లలిద్దరినీ ఆ జిప్పులతోనే పెంచాడు. ఆయన వేసిన జిప్పుకి ఒక గుణం ఉంది. ప్రయాణానికి కావలసినదేదైనా బయట ఉండిపోతే అది మూసుకోదు. వీధిలో అందరికీ తెలుసు. మందుబిళ్లలు మర్చిపోయిన రిటైర్డు మాస్టారు బస్టాండులో సంచి లాగి లాగి, నుదురు కొట్టుకుని ఇంటిదారి పట్టడం ఎవరికీ వింత కాదు. జిప్పుని మొండిగా లాగి పాడుచేస్తే మాత్రం బాబాయి ఊరుకోడు.

ఎనిమిదేళ్ల కిందట అక్క సంచి అలాగే మూసుకోలేదు. మూడుసార్లు కుమ్మరించి చూస్తే పాస్‌పోర్ట్ లేదు. ఇల్లంతా వెతికారు. పధ్నాలుగేళ్ల చీమ కూడా మంచం కింద దూరి, జుట్టంతా బూజు పట్టించుకుని మరీ వెతికింది. అప్పుడా పాస్‌పోర్ట్ చీమ లెక్కల పుస్తకానికి వేసిన అట్టలోనే ఉంది. మర్నాడు ఇచ్చేద్దామనుకుంది. మర్నాటికి విమానం వెళ్లిపోయింది, అక్క కళ్లు వాచిపోయాయి, ఇక ఏ మొహంతో ఇవ్వడం? మళ్లీ అప్లై చేయమని బాబాయి ఎన్నిసార్లు చెప్పినా అక్క రాసిపెట్టి లేదులే అనేసింది. తర్వాత పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం వచ్చింది. తర్వాత చీమ పరీక్షలొచ్చాయి. తర్వాత, ఇదిగో, ముప్పై రెండేళ్లొచ్చాయి.

చీమ ఇప్పుడు పుస్తకాల బైండింగు షాపులో పనిచేస్తోంది. ప్రయాణానికని తనే దళసరి అట్టతో ఒక డైరీ కుట్టుకుంది. ఆ అట్ట పొరల మధ్య అక్క పాస్‌పోర్ట్ ఉంది. అక్క వెళ్లలేకపోయినా ఆమె ఫొటో అయినా ఆ కొండలు చూస్తుంది, ఆ మంచు గాలి తగులుతుంది, చిట్టచివరి కనుమ దగ్గర ఏ రాతికిందో దాచిపెట్టి రావచ్చు అనుకుంది. అలా అనుకున్న రోజు తనకి తనే ఎంతో మంచిదానిలా కనిపించి, కాసేపు ఏడ్చింది కూడా.

పదకొండింటికి సర్దడం అయిపోయింది. బస్సు నాలుగింటికి. అక్క జిప్పు లాగింది. అది సగందాకా వచ్చి ఆగిపోయింది.

"ఏదో మర్చిపోయాం" అంది అక్క, జాబితా తీసింది.

జాబితాలో ఏదీ తప్పిపోలేదు. అయినా అక్క గోడవైపు విసిరిన రెండో చెంచా తెచ్చి లోపల పెట్టింది. జిప్పు కదల్లేదు. మూడో చొక్కా పెట్టింది. కదల్లేదు. సంగతి మెట్లు దిగి వీధిలోకి పాకింది. గడియారాల ఆయన దిక్సూచి పంపాడు. ఇస్త్రీ ఆవిడ తాడూ క్లిప్పులూ తెచ్చింది. మందులషాపతను, విదేశాల్లో కడుపు మాట వినదంటూ మూడు రకాల బిళ్లలిచ్చాడు. రిటైర్డు మాస్టారు తన గొడుగే ఇవ్వబోతే అక్క దండం పెట్టి ఆపింది. జిప్పు మూసుకోకపోతే ఏదో ఒకటి చేర్చాలి, వీధి మొత్తానికి తెలిసిన వైద్యం అదొక్కటే. తీసి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒంటిగంటకి తక్కెడ పధ్నాలుగు కిలోలు చూపించింది. జిప్పు సగంలో నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది.

తీసి చూసింది చీమ ఒక్కతే. అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు డైరీని బయటికి తీసి, ఊపిరి బిగబట్టి లాగింది. జిప్పు ఇంకో జానెడు వెనక్కి జారిపోయింది. గబగబా డైరీ లోపల పెట్టింది. జానెడు ముందుకొచ్చి ఆగింది. అంటే పాస్‌పోర్ట్ లోపలే ఉండాలట. ఇంకా ఏదో బయట ఉండిపోయిందట. అదేమిటో చీమకి తెలిసింది.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని వచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని జిప్పు చివరిదాకా తడిమాడు.

"పళ్లు బానే ఉన్నాయే. కావాలంటే మీ డాక్టరుకి చూపించు" అన్నాడు అక్కతో. అక్క నవ్వలేదు. ఆయన చీమ వైపు తిరిగి, కాస్త గొంతు తగ్గించి, "నా జిప్పు ఎప్పుడూ ఊరికే ఆగలేదమ్మా. ఎక్కడ పెట్టావో గుర్తుతెచ్చుకో" అన్నాడు.

ఆయన ఏం తెలిసి అన్నాడో, ఏమీ తెలియకే అన్నాడో. చీమ బూటు ముందుభాగం వైపు చూస్తూ కూర్చుంది.

మూడింటికి అక్క జాబితాని మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ లెక్క చీమకి కొత్త కాదు. ఎనిమిదేళ్లుగా అక్క గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూస్తుంది. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొస్తుంది. డాక్టరు గారు నవ్వుతారని తెలిసీ పళ్లెంలో పనిముట్లు మళ్లీ మళ్లీ లెక్కపెడుతుంది. అదంతా ఆమె తీరనుకుని ఇల్లంతా ఎగతాళి చేసేది, చీమ కూడా చేసేది.

"ఇది సంచి తప్పు కాదే" అంది అక్క, కూర్చుండిపోయి. "నాదే. ఆ రోజు చేతిలో పెట్టుకున్న వస్తువుని ఎక్కడ పారేశానో ఈరోజు వరకూ గుర్తురాలేదు. అప్పట్నుంచి నా చేతుల్ని నేను నమ్మను. నమ్మనిదాన్ని నీ సామాను ఎందుకు ముట్టుకున్నాను?"

చీమ చెయ్యి సంచిలోని డైరీ దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

అక్క కళ్లు తుడుచుకుని లేచింది. లేవగానే పనిలో పడి, మళ్లీ అక్క అయిపోయింది. దుకాణంలో రిపేరుకొచ్చి ఎవరూ తీసుకెళ్లని సంచి ఒకటుంది, ఫ్యాక్టరీ జిప్పే, బాబాయి ముట్టుకోలేదు, దేనిమీదైనా మూసుకుంటుంది, దాంట్లోకి మార్చేద్దాం, పదిహేను నిమిషాల పని, అంటూ మెట్లవైపు నడిచింది. బాబాయి అడ్డుచెప్పలేదు. తన వృత్తికి అంతకన్నా అవమానం లేకపోయినా తల పక్కకి తిప్పుకున్నాడు.

చీమకి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైపోయింది. ఫ్యాక్టరీ జిప్పు. దేనిమీదైనా మూసుకుంటుంది. నాలుగింటికి బస్సు, రేపీపాటికి మరో ఆకాశం, కనుమ, రాయి. అక్క ఇక్కడే తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి చూసుకుంటూ ఉంటుంది. పది నెలలు. ఆ తర్వాతా.

అక్క మూడో మెట్టు దిగింది.

"అక్కా, ఆగు."

చీమ సంచిలో చెయ్యిపెట్టి డైరీ లాగింది. తను ఎంతో ముద్దుగా అంటించుకున్న అట్టని గోటితో చీల్చింది. బైండింగు గట్టిగానే చేసింది. రెండుసార్లు లాగాల్సొచ్చింది. లోపలినుంచి నీలం పుస్తకం జారి ఒళ్లో పడింది. మెట్ల మీదినుంచి అక్కకి దాని అంచు మాత్రమే కనిపించింది. అంచు చాలు.

"నువ్వు పారేయలేదు" అంది చీమ. "నీ చేతులు ఏమీ పారేయలేదు. నేనే తీశాను."

వెనక నేలమీద జిప్పు కొంచెం కదిలిన చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు. అక్క మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడింది. ఎందుకన్న ప్రశ్న ఆమె మొహమంతా ఉంది. చీమ పాస్‌పోర్ట్ ఫొటో ఉన్న పేజీ తెరిచి, రెండు చేతులతో ఆమె ముందుకి చాచింది.

"నువ్వెళ్తే మళ్లీ రావని భయమేసింది. అమ్మావాళ్లు రానట్టే. మర్నాడు ఇచ్చేద్దామనుకున్నాను, ఎనిమిదేళ్లూ రోజూ మర్నాడే అనుకున్నాను. ఇంకా పదహారు నెలలు గడువుంది అక్కా. దొంగతనంగా తీసుకెళ్లి ఏ రాతికిందో పెట్టొద్దామనుకున్నాను, నిన్ను రమ్మని అడిగే ధైర్యం లేక. ఇప్పుడు అడుగుతున్నాను, నువ్వూ రా."