తోడల్లుడి పేజీ

పెద్దల్లుడికి తోడల్లుడి మీద ఉన్నంత కుళ్ళు ఈ ప్రపంచంలో ఇంకెవరి మీదా లేదు. ఉండదు కూడా. ఈ పెద్దల్లుడు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో టెక్నీషియన్. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పదకొండేళ్ళు కుస్తీ పట్టి, పాత డొక్కు కంప్యూటర్లలో కూడా చకచకా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారుచేసి, ఎవరికి కావాలంటే వాళ్ళకు ఊరికే ఇస్తున్నాడు. చిన్నల్లుడు ప్రింటర్లు బాగుచేసుకునే మనిషి. అతనూ ఏణ్ణర్థం కిందట అలాంటిదే ఒకటి చేసి పెట్టాడు. ఇంకేముంది, పెద్దల్లుడికి ఒళ్ళంతా మంట.

ఇప్పుడు ఊళ్ళోని గ్రంథాలయాల్లో మూడు వందల కంప్యూటర్లున్నాయి. వాటిలో ఈ రెండింట్లో ఒకటి ఎక్కిస్తామన్నారు. ఏది ఎక్కువమందికి నచ్చితే అది. నచ్చడాన్ని కొలవడమెలా? ఇలాంటి సిస్టములకు తలా ఒక పేజీ పెట్టి, రోజూ ఆ పేజీని ఎన్ని చోట్ల నుంచి తెరిచారో లెక్కగట్టే సైటు ఒకటుంది. నెలాఖరుకు అందులో పైనున్నవాడిదే గెలుపు.

"చూసినవాళ్ళంతా వాడినట్టేనా? నేనూ నగల దుకాణం అద్దంలోంచి రోజూ చూస్తాను" అంది భార్య.

"నీకు తెలీదులే" అన్నాడు.

నెలాఖరు దగ్గరపడింది. చిన్నల్లుడు రోజుకు ఆరు చూపుల తేడాతో పైనున్నాడు. ప్రింటర్లు తుడుచుకునేవాడికి ఇంత ఆదరణా! ఇందులో ఏదో మోసముందని పెద్దల్లుడు సైటువాళ్ళకు ఫిర్యాదు రాశాడు.

మర్నాడే జవాబు వచ్చింది. "మీ అనుమానం సరైనదే కావచ్చు. ఆ పేజీని మీ ఊళ్ళో అవే ఎనిమిది చోట్ల నుంచి రోజూ తెరుస్తున్నారు. అన్నీ ఒక్కరి పనేనని ఆ మనిషి సంతకంతో రాసిస్తే ఆ ఎనిమిదీ లెక్కలోంచి తీసేస్తాం. ఆ ఉత్తరం పేజీ మీద అందరికీ కనబడేలా పెడతాం."

కింద ఎనిమిది చోట్లూ ఉన్నాయి. కాలేజీ ల్యాబు, బస్టాండు, మంగలి షాపు, ఆఖరికి తన ఇల్లు.

వాడు కొత్తగా ఏం చేశాడో, వాణ్ణి ఎవరు మెచ్చుకున్నారోనని కుర్చీ దొరికినచోటల్లా తెరిచి చూసింది తనే. తన పేజీ మాత్రం ఒక్కసారీ తెరవలేదు. అందులో ఏముందో తనకు తెలుసు కదా.

"రాసిచ్చెయ్యండి, గెలుస్తారు" అంది భార్య.

"గెలిస్తే నేను రోజూ వాడి పేజీ చూస్తున్నానని వాడికి తెలుస్తుంది."

"ఓడిపోతే?"

"వాడికి తెలీదు."

రాయలేదు. మూడు వందల కంప్యూటర్లూ చిన్నల్లుడికే పోయాయి.

గ్రంథాలయం గదిలో కాగితాల మీద సంతకాలయ్యాక చిన్నల్లుడు, చూడ్డానికొచ్చిన పెద్దల్లుడి పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మొదట్లో నా పేజీ ఎవరూ చూసేవాళ్ళు కాదన్నయ్యా. మానేద్దామనుకున్నా. అప్పుడే రోజూ ఎనిమిది మంది రావడం మొదలైంది. వానైనా, సెలవైనా ఎనిమిది. నాకోసం ఇంతమంది చూస్తున్నారు కదా అని రోజూ ఏదో ఒకటి బాగుచేస్తూ వచ్చా. వాళ్ళు లేకపోతే ఇది ఎప్పుడో అటకెక్కేది."

పెద్దల్లుడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పదకొండేళ్ళలో తన పేజీకి అలా రోజూ వచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. వీడెంత అదృష్టవంతుడు అనుకునేసరికి కడుపు మళ్ళీ భగ్గుమంది.