దగ్గరి దారి

చివరి నీళ్ల డబ్బాను తాడుకు కట్టి, లాగమని లస్మయ్య పడవలోంచి పైకి, ఒడ్డుకు దూరంగా లంగరేసిన పనివాళ్ల బార్జి మీదికి అరిచాడు. తాడు కదల్లేదు. బార్జి నిచ్చెన మీంచి ఇద్దరు మనుషులు పరమేశ్వర్‌ను పట్టుకుని పడవలోకి దింపారు. జగిత్యాల వైపు కుర్రాడు, వెల్డరు. జ్వరం ముదిరి ఊపిరి అందడం లేదు. ఒడ్డున అంబులెన్సు ఉంది, తొందరగా చేర్చమన్నారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి.

లస్మయ్య పుట్టు పడవవాడు కాదు. ఊరొదిలి వలసొచ్చి, వయసంతా ఉధ్నా బట్టల మిల్లుల్లో పవర్‌లూమ్ నడిపాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి కడుపు మాడితే ఈ చిన్న పడవ పట్టాడు. బక్కమనిషి, వంగిన మెడ, పోగులు చూసి చూసి చికిలించిన కళ్లు. సముద్రమంటే ఇప్పటికీ గుండె దడే. అతని ధైర్యమంతా చుక్కాని పక్కనున్న జీపీఎస్. ఒడ్డు నుంచి బార్జి దాకా అందులో తానే గుర్తులు పెట్టుకున్నాడు. వాటి మధ్య గీత మగ్గం మీది పోగులా తిన్నగా ఉంటుంది. పోగు తెగకుండా చూడటమే అతనికి తెలిసిన విద్య.

ఓడలు పోయే లోతు కాలువ చుట్టుదారి. ఈ గీత పట్టుకుంటే సగం దూరమే.

"జర జల్దీ పోనియ్యి అన్నా," అన్నాడు పరమేశ్వర్.

"దగ్గరి తొవ్వల్నే పోతున్న తమ్మీ. బుగులు పడకు."

బుగులు తనకే ఉంది. తెర మీంచి కళ్లు తిప్పకుండా, వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా నడిపాడు పాపం. ఉన్నట్టుండి పడవ అడుగు ఇసుకను గీరి, ముందుకు తూలి, ఆగిపోయింది.

గుర్తులు పెట్టింది నిండు పోటులో. ఇప్పుడు ఆటు. గీత అదే, దాని కింద నీళ్లే లేవు. రోజూ చూసుకునే సంగతే ఈ కంగారులో తట్టలేదు.

దూకి, భుజం ఆనించి నెట్టాడు. మోకాటి దాకా ఉన్న నీళ్లు పిక్కల దాకా దిగాయి. పడవ కదల్లేదు. ఫోన్ చేస్తే, ఆ ఇసుక మీదికి ఏ పడవా రావడం కుదరదు, మధ్యలో లోతు పాయ, నడిచీ రాలేరు, పోటు వచ్చేదాకా ఆగమన్నారు ఒడ్డున ఉన్నవాళ్లు. లస్మయ్యకు ఏడుపొచ్చింది.

"ఏందన్నా, ఆగినమా?"

"జర నీళ్లు రానీ, పోదాం. గదిగో ఒడ్డు, కనవడుతలేదా?"

కనబడుతోంది. అంబులెన్సు తెల్లగా, బొమ్మంత. పరమేశ్వర్ అటే చూస్తున్నాడు. లస్మయ్య అతని వీపు నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి చేతికింద ఆ వీపు కదలడం మానింది. నీళ్లు ఆ తర్వాత ఎప్పుడో వచ్చాయి.

మర్నాడు చుట్టుదారినే బార్జికి వెళ్లాడు. పడవంటే గంగమ్మ, చెప్పులతో దిగొద్దని ఎక్కేవాళ్లందరికీ చెప్పేది అతనే. నిచ్చెన తల దగ్గర పరమేశ్వర్ బూట్లు, ఊపిరాడని మనిషి వంగి లేసులు విప్పి, జతగా సర్ది పెట్టినవి, అలాగే ఉన్నాయి.